మోటారుబండి రిజిస్టరు: పోయిన పత్రము, పోని దస్త్రము

భూమికి సేత్వారు ఎట్టిదో మోటారుబండికి రిజిస్టరు అట్టిది. తెలంగాణపు రైతుకుటుంబములకు సేత్వారు, ఖాస్రా పహాణీ అను మాటలు క్రొత్తవి కావు. భూమి పలు చేతులు మారినను, పట్టా కాగితము చెదలపాలైనను, తగవు వచ్చిననాడు కచేరిలోని మూలదస్త్రమును విప్పి చూతురు. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని వెదకుచుండుటకు కారణ మిదియే. బోయినపల్లి మండలమువారు ఈ సంగతిని మరింత బాగుగా నెరుగుదురు. వరదవెల్లి, కొదురుపాక, నీలోజిపల్లి మొదలగు ఊళ్ళు మధ్య మానేరు జలాశయమున మునిగినవి. ఇండ్లు నీటిలో కలిసినను దస్త్రములలోని పేర్లు మునుగలేదు.

ఈ ప్రాంతమువారు బ్రతుకుతెరువునకై భీవండికి, ముంబయికి, షోలాపురమునకు పోవుట తరతరముల వాడుక. సిరిసిల్ల మగ్గములకును ఆ పట్టణముల మగ్గములకును నడుమ రాకపోకలు తెగినవి కావు. అక్కడ వాడిన కా రొకటి చవుకగా దొరకును. కొని, ఇంటికి తెత్తురు. పేరు మార్పించుట రేపుమాపని జరుగుచుండగానే ఆర్.సి. పత్రము కానరాకుండును. అప్పుడు కొన్నవారు, "పైక మిచ్చితిమి, తాళపుచెవి మా చేత నున్నది, బండి మా వాకిట నున్నది, ఇక కాగితముతో పని యేమి?" అని యడుగుదురు. న్యాయముగా దోచు ఈ ప్రశ్నకు సమాధానము రిజిస్టరు పుట్టుకలోనే యున్నది.

ఎద్దులబండి కాలమున బండికి అంకె అక్కరలేకపోయెను. ఎవరి బండి యైనది ఎద్దులను చూచియే ఊరు చెప్పెడిది. మోటారు వచ్చిన పిదప ఆ వీలు పోయినది. ఎచ్చటనుండియో వచ్చి, ఒకనిని పడద్రోసి, గడియలో కనుమరుగగు బండికి బాధ్యు డెవడు? ఈ చిక్కు తీరుటకే పారిస్ నగరపు పోలీసు అధికారి 1893 ఆగస్టు 14న మోటారుబండ్లకు పేరును అంకెయును గల పలక ఉండవలెనని ఉత్తరువు చేసెను. బ్రిటనులో 1903లో చట్టమై, 1904 జనవరి 1 నుండి అమలునకు వచ్చెను. బ్రిటిష్ ఇండియాలో 1914లో మోటారు వాహనముల చట్ట మేర్పడెను. అనగా రిజిస్టరు మొదట పుట్టినది ఆస్తిని చాటుకొనుటకు గాదు, జవాబు చెప్పవలసినవాని పేరు తెలియుటకు. ఈ సంగతి మనము మరువరాదు.

హైదరాబాదు రాజ్యమున శాసనములు వేరు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను నెలకొల్పి, 27 బస్సులతో పని మొదలిడిరి. నేటికిని మన ఆర్.టి.సి. బస్సుల నంబరులలో "జెడ్" అను అక్షరము కానవచ్చును. నిజాము తన తల్లి జహ్రా బేగము పేరిట దానిని పెట్టించెనని పెద్దలు చెప్పుదురు. రాజ్యములు పోయినను రిజిస్టరులో ఒక అక్షరము నిలిచినది.

బ్రిటిష్ ఇండియాలో 1939లో వచ్చిన చట్టము, హైదరాబాదు భారతదేశమున చేరిన పిదప ఇచ్చటికిని వర్తించెను. ఒక రాష్ట్రమున నమోదైన బండి మరియొక రాష్ట్రమున 12 నెలలకు మించి యుండినచో క్రొత్త గుర్తు పొందవలెనను నియమము ఆ చట్టములోనే కలదు. 1989 జూలై 1న అమలునకు వచ్చిన 1988 నాటి చట్టమును దానినే నిలుపుకొన్నది.

1989 తరువాత మన బండ్లకు "ఏపీ 15" అను కరీంనగరపు గుర్తు వచ్చెను. 2014 జూన్‌లో తెలంగాణ రాష్ట్ర మేర్పడగా అది "టీఎస్ 02" ఆయెను. 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడి బోయినపల్లి అందు చేరగా "టీఎస్ 23" వచ్చెను. 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు "టీజీ" అను అక్షరము లిచ్చుచున్నారు. ఇన్ని మార్పులు జరిగినను ఏపీ 15 గుర్తుగల పాతబండ్లు మన వీధులలో తిరుగుచునే యున్నవి. అవి సరిహద్దును దాటలేదు. సరిహద్దే వాటిమీదుగా జరిగినది. షోలాపురమునుండి వచ్చిన కారు సంగతి అట్లు కాదు. అది తానే సరిహద్దు దాటి వచ్చినది, కావున దాని కథ దాని పుట్టినింటినుండియే నడువవలెను.

ఆ నడక యెట్లుండునో చూతము. పత్రము ఎచ్చట పోయినదో ఆ పోలీసు ఠాణాలో మొదట తెలుపవలెను. నకలు కోరుచు 26వ నమూనా అర్జీని పత్రము నిచ్చిన కచేరికే పెట్టవలెను. సిరిసిల్ల కచేరి మహారాష్ట్రపు పత్రమునకు నకలు నీయజాలదు. ముఖ్యమైన దింకొకటి: అర్జీ పెట్టవలసినవాడు రిజిస్టరులో పేరున్న యజమాని. కొన్నవాని పేరు దస్త్రమున లేనంతవరకు ఆ కచేరికి అతడు పరాయివాడే. కాబట్టి అమ్మినవానిని వెదకి పట్టుట తప్పదు. అతడు మరణించియున్నచో వారసులు 31వ నమూనాలో తమ పేరిట మార్పించుకొనవలెను.

నకలు వచ్చిన పిదప 28వ నమూనాలో నిరభ్యంతర పత్రము కోరవలెను. బండిపై దొంగతనపు కేసు లేదని పోలీసువారు చెప్పవలెను, పన్ను బాకీ యుండరాదు, అప్పు ఇచ్చిన సంస్థ యున్నచో దాని సమ్మతి వలయును. చాసీ మీద చెక్కిన అంకెపై కాగిత ముంచి పెన్సిలుతో రుద్ది తీసిన ముద్రను జతపరుపవలెను. పత్రములు పోయినను, పలక మారినను, ఇనుముమీది ఆ అంకె బండి జన్మనామము. అర్జీ యందిన 30 దినములలో కచేరివారు నిరాకరణ తెలుపనిచో, పత్ర మిచ్చినట్లే భావింపవలెనని చట్టము చెప్పుచున్నది. అందువలన అర్జీ రసీదును భద్రపరచుకొనుట మేలు. ఇవి యన్నియు చేతికి వచ్చిన మీదట, పేరుమార్పునకు 29, 30 నమూనాలతోను, క్రొత్త గుర్తునకు 27వ నమూనాతోను మన జిల్లా రవాణా కచేరికి పోవలెను. బండి వయస్సును బట్టి ఇచ్చటి జీవితపన్ను చెల్లింపవలెను.

ఇంత శ్రమ యెందుకని విసుగు కలుగవచ్చును. శ్రమ పడనివారికి ఏమి జరిగినదో చూడుడు. ఒక కారు 2007 మొదలుకొని రెండేండ్లలో పలు చేతులు మారినది. రిజిస్టరున మాత్రము మొదటి యజమాని పేరే యుండెను. 2009లో ఆ కారు వలన ప్రమాదము జరిగెను. పరిహార మెవరు చెల్లింపవలెనను వివాదము సుప్రీంకోర్టు వరకు పోగా, రిజిస్టరున పేరున్నవాడే బాధ్యు డని 2018 ఫిబ్రవరిలో తీర్పు వచ్చెను. బండి నమ్మి మరచినవాడు, తన చేతలేని బండికై జవాబుదారి యాయెను. కావున పేరుమార్పు కొన్నవాని పనియే యని అమ్మినవాడు ఊరకుండరాదు. అమ్మినవా డిచ్చిన ముంబయి చిరునామా, ఫోను నంబరు కొన్నవానికి ఎంత అవసరమో, ఆర్.సి.లో పేరు మారినదను రుజువు అమ్మినవానికి అంత అవసరము.

మన తెలుగువారు పలువురు స్థిరపడిన అమెరికాలో పద్ధతి కొంత వేరు. అచ్చట యాజమాన్యమును తెలుపు టైటిలు పత్రము వేరు, రోడ్డుమీద తిరుగుటకు రిజిస్ట్రేషను వేరు. టైటిలు పోయి అమ్మినవాడు దొరకనిచో, కొన్ని రాష్ట్రములలో జామీను బాండు నిచ్చి క్రొత్త టైటిలు పొందు వీలు కలదు. అనగా నిజమైన హక్కుదారు ముందుకు వచ్చినచో నష్టము తీర్చెదమని పూచీ పడుట. మన చట్టమున అట్టి అడ్డదారి లేదు. దస్త్రములోని పేరునుండియే దారి తీయవలెను.

ఇప్పుడు రిజిస్టరులు వాహన్ అను కంప్యూటరు వ్యవస్థలోనికి వచ్చినవి. ఇంటనుండియే నంబరు కొట్టి బండి వివరములు చూచుకొనవచ్చును. అందువలన పరరాష్ట్రపు బండిని కొనగోరువారు పైక మిచ్చుటకు ముందే ఆ వివరములు చూచి, చాసీ అంకెను సరిపోల్చి, అమ్మువానిచే నిరభ్యంతర పత్రము తెప్పించి, ఆ మీదట బేరము ముగించుట మంచిది. మన పెద్దలు పొలము కొనునపుడు పహాణీ నకలు చూడక బయానా ఇచ్చెడివారు కారు. బండి విషయమునను ఆ జాగ్రత్త చాలును. కాగితము ఎపుడైనను పోవచ్చును; దస్త్రములో పేరున్నవానికి అది మరల దొరకును. దస్త్రములో పేరే లేనివానికి కాగితము చేతనున్నను అది పరులదే.