రాళ్లు చదివిన పెద్దాయన చిప్పుల గుట్టు విప్పారు

అమెరికా రాజధాని వాషింగ్టన్. 1987 తొలి నెలలు. కార్నెగీ సంస్థకు చెందిన జియోఫిజికల్ ల్యాబొరేటరీకి హ్యూస్టన్ నుంచి ఒక నమూనా వచ్చింది. పంపినది పాల్ చూ అనే భౌతిక శాస్త్రవేత్త బృందం. చూస్తే మామూలు పదార్థమే. కొంత నలుపు, కొంత ఆకుపచ్చ. కానీ ద్రవ నైట్రోజన్‌లో ముంచితే చాలు, విద్యుత్తు ఏ అడ్డూ లేకుండా దాంట్లోంచి దూసుకుపోతుంది. అంతకుముందు అలాంటి గుణం రావాలంటే ఇంకా ఎంతో చల్లబరచాల్సి వచ్చేది.

ఇంతకీ పనిచేస్తున్నది నలుపా, ఆకుపచ్చా? దాని లోపల పరమాణువులు ఏ వరసలో పేర్చి ఉన్నాయి? ప్రపంచంలోని పెద్ద ల్యాబులన్నీ అప్పుడు ఇదే ప్రశ్న వెంట పడ్డాయి. స్ఫటికాన్ని పగలగొట్టి చూస్తే ఏమీ కనిపించదు. దాని మీదికి ఎక్స్-రే కిరణం పంపాలి. అది ఏ కోణంలో చెదిరి బయటికొచ్చిందో కొలవాలి. ఆ అంకెల నుంచి లోపలి అమరికను లెక్కగట్టాలి. ఆ ల్యాబొరేటరీకి చెందిన రాబర్ట్ హేజెన్, ఆయన సహచరులు ఆ లెక్క తేల్చారు. నలుపే అసలు సరుకు. యిట్రియం ఒక పాలు, బేరియం రెండు పాళ్లు, రాగి మూడు పాళ్లు.

ఆ బృందంలో ఒకాయన పేరు లారీ ఫింగర్. స్ఫటికాల లెక్కల కోసం ఫోర్ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో సొంతంగా ప్రోగ్రాములు రాసిన మనిషి. ఎల్ సాల్వడార్ దేశంలోని ఇసాల్కో అగ్నిపర్వతం దగ్గర దొరికిన ఒక రాగి-వనేడియం ఖనిజానికి ఆయన పేరు మీదే ‘ఫింగరైట్’ అని పేరు పెట్టారు. మామూలుగా అయితే ఒక శాస్త్రవేత్త జీవితకథకు ఇంతకన్నా పెద్ద ముగింపు అక్కర్లేదు. ఆయన కథలో మాత్రం ఇది మొదటి సగమే. రెండో సగం మన కంప్యూటర్‌కు గుచ్చుకునే వైఫై బుడిపె దగ్గరికి వస్తుంది.

*

2005. ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఒక కుర్రాడిని ఊహించుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. తెర వెలిగింది, శబ్దం వచ్చింది, మౌస్ కదిలింది. వైఫై మాత్రం లేదు. లోపల ఏ కార్డు ఉందని కంప్యూటర్‌నే అడిగాడు. ‘బ్రాడ్‌కామ్’ అని జవాబొచ్చింది. కార్డు ఉన్నట్టు తెలుసు, దానితో ఎలా మాట్లాడాలో తెలియదు. మాట్లాడే భాషను కంపెనీ ఎవరికీ చెప్పలేదు.

చాలామంది అప్పట్లో ‘ఎన్‌డిస్‌ర్యాపర్’ అనే అడ్డదారి పట్టారు. విండోస్ కోసం కంపెనీ ఇచ్చిన డ్రైవర్‌నే, అంటే కార్డుతో మాట్లాడే ప్రోగ్రామునే తెచ్చి, ‘నువ్వు విండోస్‌లోనే ఉన్నావు’ అని దాన్ని నమ్మించి లినక్స్‌లో నడిపించే ఉపాయం అది. పని జరిగేది. కానీ లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలిసేది కాదు. చెడిపోతే బాగుచేసే దారి లేదు. ఇంటెల్ తరహా కాని కంప్యూటర్ ఉన్నవాళ్లకు అదీ లేదు.

మరి అసలు దారి? కొన్ని రూటర్లు అప్పటికే లోపల లినక్స్ మీద నడుస్తున్నాయి. వాటిలో అదే కంపెనీ చిప్పు ఉంది, దాన్ని నడిపే డ్రైవర్ కూడా ఉంది. అయితే అది మనుషులు చదవగలిగే రూపంలో లేదు. అంతా యంత్రభాషే. దాన్ని ఒక్కో ఆదేశంగా విడగొట్టి చదివితే చిప్పు భాష పట్టుబడుతుంది.

ఇక్కడే చిక్కు. చదివినవాడే కొత్త డ్రైవర్ రాస్తే ‘మా కోడ్ కాపీ కొట్టావు’ అని కంపెనీ కోర్టుకు ఈడ్వవచ్చు. అందుకని పనిని రెండుగా చీల్చారు. ఒక జట్టు చదువుతుంది. చదివి, చిప్పుకు ఏం చెప్పాలో మామూలు మాటల్లో రాసి పెడుతుంది. డ్రైవర్ మాత్రం రాయదు. రెండో జట్టు ఆ రాతను చూసి డ్రైవర్ రాస్తుంది. కంపెనీ కోడ్‌ను కన్నెత్తి చూడదు. రెండు జట్లకూ నిజంగా వేర్వేరు గదులేమీ లేవు, మనుషులు వేర్వేరు దేశాల్లో ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. అయినా మధ్యలో గోడ ఉన్నట్టే నిష్ఠగా పాటించారు. జర్మనీకి చెందిన మైఖేల్ బ్యూష్ వంటివాళ్లు రెండో వైపు కూర్చుని రాశారు. లినక్స్ మూల భాగమైన కెర్నల్‌కు 2006 జూన్‌లో వచ్చిన 2.6.17 వెర్షన్‌లో ఆ డ్రైవర్ చేరింది.

ఆ డ్రైవర్‌కు ఆ రోజుల్లో వచ్చిన మార్పుల కింద తరచూ కనిపించిన పేరు లారీ ఫింగర్. ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న ఖనిజ శాస్త్రవేత్త. ఎవరూ జీతం ఇవ్వలేదు.

*

2009 నాటికి బ్రాడ్‌కామ్ చిప్పులు మారాయి. తక్కువ ధరకు వచ్చిన చిన్న ల్యాప్‌టాప్‌లలో కొత్త రకం రేడియో భాగం ఉన్న చిప్పు పెట్టారు. తక్కువ కరెంటుతో నడిచే ఆ రేడియోతో ఎలా మాట్లాడాలో పాత డ్రైవర్‌కు తెలియదు. కంపెనీ 2008లో లినక్స్‌కు సొంత డ్రైవర్ ఇచ్చింది కానీ, గుండెకాయలాంటి భాగాన్ని యంత్రభాషలోనే ఉంచింది.

ఈసారి ఫింగర్ గోడకు అవతలి వైపు, చదివే వైపు కూర్చున్నారు. కంపెనీ డ్రైవర్‌ను విప్పి చదివి, రేడియోను నిద్రలేపడానికి చెయ్యాల్సిన పనుల చిట్టా రాశారు. ఆ చిట్టా చదవడానికి ఎంత విసుగ్గా ఉంటుందో చెప్పకపోతే ఆ శ్రమ అర్థం కాదు. ఫలానా గడిలో ఉన్న అంకె చదువు. అందులో ఇన్ని బిట్లు చెరిపెయ్యి. ఈ విలువ కలిపి తిరిగి అదే గడిలో రాయి. ఇన్ని మైక్రోసెకన్లు ఆగు. మళ్లీ చదువు. చిప్పు ఫలానా వెర్షన్ అయితే ఇటు వెళ్లు, కాకపోతే అటు. పుటల కొద్దీ ఇదే. ఒక్క బిట్ తప్పితే రేడియో మూగబోతుంది, ఏ బిట్ తప్పిందో చెప్పే నాథుడు ఉండడు.

ఇవతలి వైపు గాబోర్ స్టెఫానిక్ వంటివాళ్లు ఆ చిట్టా ముందు పెట్టుకుని కోడ్ రాశారు. పనిచెయ్యకపోతే ‘నీ కోడ్ తప్పా, నా చదువు తప్పా’ అని రెండు వైపులా వెతుక్కోవాలి. ఆ ఏడాదే ఆ చిప్పులు స్వేచ్ఛా డ్రైవర్‌తో మాట్లాడాయి. లోపలికి చూడలేని వస్తువు నుంచి బయటికొచ్చే సంకేతాలను బట్టి లోపలి అమరికను తేల్చడం ఫింగర్‌కు అలవాటైన విద్యే. ఇరవై ఏళ్ల కిందట స్ఫటికాలకు చేసినదాన్నే ఇప్పుడు సిలికాన్‌కు చేశారు.

2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్పులకు పూర్తి కోడ్‌తో సహా డ్రైవర్‌ను బయటపెట్టింది. దానికి రెండేళ్ల ముందే ఆథెరాస్ కంపెనీ ఆ పని చేసింది. తలుపు తియ్యడం సాధ్యమేనని ఆ రెండు కంపెనీలూ రుజువు చేశాయి. అలాంటప్పుడు అంతకుముందు అన్నేళ్లు అంతమంది గోడ చాటున ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు భాషను కొన్నవాడికి చెప్పకపోవడం అన్యాయం. అందులో నాకు రెండో మాట లేదు.

*

ఇక బుడిపె దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, ఆన్‌లైన్‌లో గానీ తక్కువ ధరకు దొరికే యూఎస్‌బీ వైఫై అడాప్టర్లలో చాలావాటి లోపల ఉండేది తైవాన్ కంపెనీ రియల్‌టెక్ చిప్పు. గోరంత వస్తువు. పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ ఎక్కించుకున్న విద్యార్థికి నెట్ కావాలంటే ఇదే దిక్కు.

గుచ్చిన క్షణం నుంచి లోపల ఏం జరుగుతుందో చూడండి. కంప్యూటర్ ముందు ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. బుడిపె రెండు సంఖ్యలు చెబుతుంది. ఒకటి కంపెనీది, రెండోది వస్తువుది. ‘0బీడీఏ:8179’ అంటే రియల్‌టెక్ వారి 8188ఈయూ చిప్పు. కొన్ని బుడిపెలు ఇక్కడే వేషం వేస్తాయి. ‘0బీడీఏ:1ఏ2బీ’ అని చెబుతాయి. అది వైఫై అడాప్టర్ సంఖ్య కాదు, సీడీ డ్రైవ్ సంఖ్య! విండోస్ వాడేవాళ్లకు డ్రైవర్ వేరే డిస్కులో ఇవ్వనక్కర్లేకుండా బుడిపెలోనే దాచిపెట్టారు. అందుకే మొదట డిస్కులా కనిపిస్తుంది. లినక్స్‌లో ‘యూఎస్‌బీ మోడ్‌స్విచ్’ అనే చిన్న ప్రోగ్రాము దానికి ‘డిస్కు బయటికి తియ్యి’ అన్న సంకేతం పంపుతుంది. వెంటనే బుడిపె తనను తాను ఊడబెరుక్కున్నట్టు మాయమై, వేరే సంఖ్యతో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఇప్పుడు అది వైఫై.

ఆ సంఖ్య తెలిసిన డ్రైవర్ కెర్నల్‌లో ఉంటే ముందుకొస్తుంది. చిప్పును నడిపే ప్రోగ్రాము బుడిపెలో నిలిచి ఉండదు. తీసిన ప్రతిసారీ దాన్ని మరిచిపోతుంది. అందుకని డ్రైవర్ ముందుగా ‘ఫర్మ్‌వేర్’ అనే ఫైలును హార్డ్ డిస్కు నుంచి తీసి చిప్పులోకి ఎక్కిస్తుంది. ఆ ఫైలు లేకపోతే కథ అక్కడితో ఆగిపోతుంది, చాలామందికి ఆగేదీ అక్కడే. ఫైలు ఎక్కితే చిప్పు మేలుకుంటుంది, రేడియో చుట్టూ వింటుంది. పక్కింటి వైఫై, ఎదురింటి వైఫై, మనది... పేర్లు తెర మీద ఒక్కొక్కటిగా వస్తాయి.

ఈ వరసలో డ్రైవర్ అన్న ఒక్క మాట వెనక ఫింగర్ పదిహేనేళ్ల పని ఉంది. రియల్‌టెక్ కోడ్ ఇవ్వలేదని కాదు, ఇచ్చింది. కానీ అది ఒక పెద్ద మూట. అనేక ఆపరేటింగ్ సిస్టమ్‌లకు కలిపి రాసిన గజిబిజి. పైగా లినక్స్ కెర్నల్ రెండు మూడు నెలలకొకసారి కొత్తది వస్తుంది. లోపలి ఏర్పాట్లు మారతాయి, బయట ఉండిపోయిన డ్రైవర్ కంపైల్ కావడం మానేస్తుంది. గోదావరి పాయ జరిగినప్పుడల్లా రేవును కూడా జరుపుకోవాల్సి వచ్చినట్టు, ఎవరో ఒకరు ఆ కోడ్‌ను ప్రతిసారీ జరపాలి. ఆ ఎవరో ఒకరు ఆయనే అయ్యారు.

2010లో 8712 రకం యూఎస్‌బీ చిప్పుల డ్రైవర్‌ను, 2013లో 8188ఈయూ డ్రైవర్‌ను కెర్నల్‌లోని ‘స్టేజింగ్’ విభాగంలో ప్రవేశపెట్టారు. ఇంకా శుభ్రం కాని కోడ్‌ను అందరి కళ్ల ముందు ఉంచి బాగుచేసుకునే చోటు అది. కెర్నల్‌లో చేరనివాటిని ఆన్‌లైన్‌లో తన సొంత ఖాతాలో ఉంచి, కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా సరిచేశారు. ‘నా అడాప్టర్ పనిచెయ్యడం లేదు’ అని రాసినవాళ్లకు స్వయంగా జవాబులిచ్చారు. అడిగినవాడు ఎవరు, ఎక్కడివాడు అన్న లెక్క లేదు. 2015లో జెస్ సోరెన్‌సెన్ అనే మరో డెవలపర్ అదే కుటుంబం చిప్పులకు మొదటి నుంచీ శుభ్రంగా రాసిన కొత్త డ్రైవర్ తెచ్చారు. 2023 నాటికి 8188ఈయూ కూడా అందులోకి చేరడంతో స్టేజింగ్‌లోని పాత కోడ్‌కు సెలవిచ్చారు. తాను తెచ్చిన కోడ్ స్థానంలో మెరుగైనది వచ్చి నిలబడేదాకా దాన్ని బతికించి ఉంచడం ఎంత పనో, తెలిసినవాళ్లకే తెలుస్తుంది. నా దృష్టిలో కొత్తది కనిపెట్టడానికి అది ఏమాత్రం తక్కువ కాదు.

2024 జూన్ 21న లారీ ఫింగర్ కన్నుమూశారు. అప్పటికి ఎనభై దాటినా పని ఆపలేదు. కెర్నల్ చరిత్రలో ఆయన పేరు మీద వెయ్యికి పైగా మార్పులున్నాయి.

*

లినక్స్ కోసం అడాప్టర్ కొనబోయేవాళ్లకు ఒక మాట. డబ్బా మీద మోడల్ పేరు చూసి కొనకండి, లోపలి చిప్పు ఏదో కనుక్కోండి. టీపీ-లింక్ 722ఎన్ అన్న ఒకే పేరుతో అమ్మిన అడాప్టర్‌లో మొదటి వెర్షన్‌లో ఆథెరాస్ చిప్పు ఉండేది, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్పు వచ్చింది. బయటికి ఒకేలా ఉన్నా డ్రైవర్లు వేరు. ఆథెరాస్ వారి ఆ 9271 చిప్పుకు డ్రైవరే కాదు, 2013 నుంచి ఫర్మ్‌వేర్ కోడ్ కూడా బాహాటంగా దొరుకుతోంది. దొరికితే దానికే ఓటు వెయ్యండి.

ఇంట్లో ఉన్న బుడిపె పనిచెయ్యకపోతే డ్రాయర్‌లో పడెయ్యకండి. టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొట్టి ఆ రెండు సంఖ్యలు రాసుకోండి. ‘డీమెస్గ్’ అనే కమాండ్ చూపే చివరి వరసలు చూడండి, ఫర్మ్‌వేర్ దొరకలేదని ఉంటే ఆ ప్యాకేజీ వేసుకోండి, కెర్నల్ పాతదైతే కొత్తదానికి మారండి. అప్పటికీ కాకపోతే సంఖ్యలు, కెర్నల్ వెర్షన్, ఆ వరసలు మూడూ కలిపి డ్రైవర్ చూసుకునేవాళ్లకు రాయండి. డ్రైవర్‌కు తెలియని ఒక్క సంఖ్యను జాబితాలో చేర్చడమే కొన్నిసార్లు చెయ్యాల్సిన మొత్తం పని. కోడ్ రాయడం వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులైతే ఆ ఒక్క వరస మార్పు మీరే పంపండి. పెద్దాయన వదిలి వెళ్లిన కుర్చీలో కూర్చోవడానికి మనుషులు కావాలి.