లంకావిలో హలాల్ విహారయాత్ర

లంకావి మలేసియా దేశపు వాయవ్య మూలన, అండమాను సముద్రంలో ఉన్న ద్వీపసమూహము. ఇది కెడా రాష్ట్రమునకు చెందినది. ఇందులో 99 ద్వీపములు కలవు. మొత్తం వైశాల్యం సుమారు 478 చదరపు కిలోమీటర్లు. ముఖ్యపట్టణము కువా. జనాభాలో అత్యధికులు మలయ్ ముస్లింలు. సముద్రతీరము, మడ అడవులు, కొండలు, జలపాతములు ఒకేచోట ఉండుట వలన, తీరిక విహారమును కోరుతూ ఆహారంలోను, ఆరాధనలోను ఇస్లామీయ నియమములను పాటించే కుటుంబములకు ఈ ద్వీపము అనుకూలమైనది. అయితే ముస్లింలు ఎక్కువగా ఉన్న చోట దొరికేదంతా హలాలే అనుకొనుట పొరపాటు. 1987 నుండి లంకావి సుంకరహిత ద్వీపము. మద్యము మలేసియా ప్రధాన భూభాగములో కంటే ఇక్కడ చవక. తీరము వెంబడి ఉన్న అనేక భోజనశాలలలో అది దొరుకుతుంది.

హలాల్ ముద్ర

మలేసియాలో హలాల్ ధ్రువపత్రము నిచ్చే అధికారము కేంద్ర ఇస్లామిక్ అభివృద్ధి శాఖకు (జాకిమ్), రాష్ట్రముల ఇస్లామిక్ మతవ్యవహార శాఖలకు మాత్రమే ఉన్నది. ఈ నిబంధన 2012 జనవరి 1 నుండి అమలులో ఉన్నది. వృత్తము లోపల ఎనిమిది కోణముల నక్షత్రము, దాని మధ్య అరబ్బీ లిపిలో హలాల్ అను మాట ఈ ముద్ర గుర్తులు. ఆహారమునకు సంబంధించిన ప్రమాణమును ఎం.ఎస్. 1500 అంటారు. మద్యము అమ్మే భోజనశాలకు ఈ ముద్ర లభించదు.

"పందిమాంసము వాడము" అని గోడకు అంటించిన కాగితము హలాల్ ముద్రతో సమానము కాదు. జంతువును ఎట్లు వధించారు, వంటలో సారాయి వాడారా, పాత్రలు వేరుగా ఉన్నాయా అన్న ప్రశ్నలకు ఆ కాగితము సమాధానము చెప్పదు. "భారతీయ భోజనము" అన్న పలక కూడ అటువంటిదే. తమిళ ముస్లింలు నడిపే మామక్ భోజనశాలలు వేరు, భారతీయ వంటకములు వడ్డించే ఇతర భోజనశాలలు వేరు. రెండింటిలోను పరోటా వంటి రోటీ చనాయ్ దొరుకుతుంది గనుక కొత్తవారు తికమక పడుట సహజము.

మరొక సంగతి కూడ గమనించవలెను. ధ్రువపత్రము తీసుకొనుట స్వచ్ఛందము. పల్లెలలో మలయ్ కుటుంబములు నడిపే చిన్న అన్నపు కొట్లలో ముద్ర లేకపోయినంత మాత్రాన అక్కడి వంట హలాల్ కాదని కాదు. యజమానిని మర్యాదగా అడిగి తెలుసుకొనుట అక్కడ ఎవరూ తప్పుగా తీసుకొనరు. పెద్ద హోటళ్ళ విషయంలో మాత్రము ఒక్కో వంటశాలకు వేర్వేరుగా ధ్రువపత్రము ఉండవచ్చును. ఉదయపు ఫలహారశాలకు ముద్ర ఉండి, తీరమున ఉన్న భోజనశాలకు లేకపోవచ్చును. గది ఖాయము చేసుకొనుటకు ముందే ఈ విషయము అడుగుట మేలు.

సముద్రాహారము

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముస్లింలలో ఎక్కువమంది హనఫీ మజ్‌హబ్‌ను అనుసరించువారు. మలేసియాలో షాఫియీ మజ్‌హబ్ వ్యాప్తిలో ఉన్నది. సముద్రాహారము విషయంలో ఈ రెంటికి భేదము కలదు. షాఫియీ పద్ధతిలో పీతలు, స్క్విడ్, గవ్వచేపలు మొదలైన సముద్రజీవులు సాధారణముగా హలాల్. హనఫీ పద్ధతిలో నీటి జీవులలో చేప మాత్రమే హలాల్. రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్న దానిపై భారతదేశపు హనఫీ పండితులలోనే భిన్నాభిప్రాయములు ఉన్నాయి. అందువలన జాకిమ్ ముద్ర ఉన్న పీతల కూర హైదరాబాదు నుండి వెళ్ళిన కుటుంబమునకు సమ్మతము కాకపోవచ్చును. ఇది ముద్రలోని లోపము కాదు, మజ్‌హబుల భేదము.

ఇందుకు నాలుగు మలయ్ మాటలు తెలిసి ఉంటే చాలును: ఇకాన్ అంటే చేప, ఉడాంగ్ అంటే రొయ్య, కెటామ్ అంటే పీత, సోటోంగ్ అంటే స్క్విడ్. రొయ్యలను పులియబెట్టి చేసే బెలాచాన్ అను ముద్దను అనేక పచ్చళ్ళలోను, ఆకుకూరల వేపుళ్ళలోను కలుపుతారు. రొయ్యలు తిననివారు, శాకాహారులు దీనిని ప్రత్యేకముగా అడిగి తెలుసుకొనవలెను.

నమాజు వేళలు

లంకావి సుమారు 99.8 డిగ్రీల తూర్పు రేఖాంశముపై ఉన్నది. కాని మలేసియా గడియారము 120 డిగ్రీల రేఖాంశమును అనుసరిస్తుంది. ఇరవై డిగ్రీల తేడా అంటే దాదాపు 80 నిమిషములు. కనుక ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది పగలు 12 గంటలకు కాదు, 1-05కు 1-35కు మధ్య. సూర్యాస్తమయము ఏడు గంటల తరువాతనే. విహారయాత్రకు ఇది కలిసివచ్చే విషయము. ఉదయము తొమ్మిదింటికి పడవ ఎక్కి, మూడు నాలుగు గంటలు మడ అడవులలో తిరిగి, జుహర్ నమాజు వేళకు ఒడ్డు చేరవచ్చును.

అసర్ విషయంలో మరల మజ్‌హబుల భేదము వస్తుంది. అక్కడి మసీదులలో షాఫియీ లెక్క ప్రకారము అజాన్ ఇస్తారు. హనఫీ లెక్క ప్రకారము అసర్ సుమారు గంట ఆలస్యముగా మొదలవుతుంది. ప్రయాణికులు నాలుగు రకాతుల నమాజును రెండుగా కుదించుకొనవచ్చును (ఖస్ర్). కాని జుహర్, అసర్ నమాజులను ఒకే వేళలో కలిపి చేయుటను షాఫియీలు అనుమతిస్తారు, హనఫీలు సాధారణముగా అనుమతించరు. బస పదిహేను రోజుల లోపు అనుకున్నవారిని హనఫీ పద్ధతి ప్రయాణికులుగానే పరిగణిస్తుంది.

నమాజు గదిని మలేసియాలో సూరావ్ అంటారు. విమానాశ్రయము, పడవరేవు, అంగడి సముదాయములలో ఇవి ఉంటాయి. హోటలు గదుల పైకప్పున ఖిబ్లా దిశను చూపే బాణపు గుర్తు అంటించుట ఆ దేశమున వాడుక. ఆ దిశ ఇక్కడ పడమరకు కొంచెము ఉత్తరముగా ఉంటుంది. కెడా రాష్ట్రములో వారాంతపు సెలవులు శుక్ర, శనివారములు. శుక్రవారము జుమా వేళ కొన్ని అంగళ్ళు మూసి ఉంటాయి గనుక ఆ మధ్యాహ్నము పడవ ప్రయాణము పెట్టుకొనకుండుట మంచిది.

ప్రకృతి

2007లో లంకావిని యునెస్కో భూవారసత్వ ఉద్యానముగా (జియోపార్కు) గుర్తించారు. ఆగ్నేయాసియాలో ఇదే మొదటిది. పడమటి దిక్కున ఉన్న మచించాంగ్ కొండల ఇసుకరాయి సుమారు 55 కోట్ల సంవత్సరముల నాటిది. మలేసియాలో ఇంతకంటే పాత శిల తెలియదు. తీగమార్గము ద్వారా ఈ కొండపైకి చేరవచ్చును. అక్కడ 125 మీటర్ల పొడవు గల వంపు వంతెన కలదు. ద్వీపములో ఎత్తైన శిఖరము గునుంగ్ రాయా (881 మీటర్లు). తెలాగా తుజుహ్ జలపాతము, సముద్రమునకు కూతవేటు దూరములో మంచినీటి సరస్సు ఉన్న దయాంగ్ బుంటింగ్ ద్వీపము చూడదగినవి.

ఈశాన్యమున ఉన్న కిలిమ్ ప్రాంతము నిదానముగా చూడవలసినది. సున్నపురాతి కొండల నడుమ మడ అడవులు, గబ్బిలాల గుహ, పోటుపాట్లను బట్టి పడవ లోపలికి వెళ్ళగల మరొక గుహ ఇక్కడ ఉన్నాయి. లంకావి పేరు గరుడపక్షి (మలయ్ భాషలో హెలాంగ్) నుండి వచ్చినదని చెప్తారు. ఈ పక్షులను దగ్గరకు రప్పించుటకు కొందరు పడవవారు కోడి తోళ్ళు నీటిలో విసురుతూ ఉంటారు. దీనివలన పక్షులు వేట మరచి ఉచిత ఆహారమునకు అలవాటు పడతాయని ప్రకృతి పరిరక్షకుల అభ్యంతరము. వేగముగా పోయే పడవల అలలకు మడచెట్ల వేళ్ళ కింది మట్టి కోసుకుపోతుంది. మేత వేయవద్దని, నెమ్మదిగా నడపమని పడవ మాట్లాడుకొనేటప్పుడే చెప్పవలెను. ఎక్కిన తరువాత చెప్పి ప్రయోజనము తక్కువ.

ఈ ద్వీపములో అన్యాయముగా మరణశిక్షకు గురియైన మహ్సూరి అను స్త్రీ కథ ప్రసిద్ధము. ఆమె శాపము ఏడు తరములు సాగినదని ప్రతీతి. 1965లో మలేసియాలో విడుదలైన మహ్సూరి వరి వంగడమునకు కూడ ఇదే పేరు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి (బి.పి.టి. 5204) తల్లిదండ్రులలో ఆ వంగడము ఒకటి. తెలుగువారి పళ్ళెములోని మసూరి అన్న మాట వెనుక ఉన్నది ఈ పేరే.

కాలము, తీరము

డిసెంబరు నుండి మార్చి వరకు వానలు తక్కువ, సముద్రము ప్రశాంతము. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వానలు ఎక్కువ. ఈ నీళ్ళలో ప్రమాదకరమైన బాక్స్ జెల్లీఫిష్ ఉంటుంది. అది కుట్టినచోట రుద్దకుండ వెనిగర్ పోసి, వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. శరీరమును కప్పే ఈత దుస్తులు మలయ్ స్త్రీలు కూడ ధరిస్తారు గనుక అవి అక్కడ వింతగా కనబడవు. అంతేగాక జెల్లీఫిష్ నుండి కొంత రక్షణ కూడ. పంతాయ్ చెనాంగ్ తీరమున జనసమ్మర్దము, నీటి స్కూటర్ల రొద, మద్యశాలలు ఎక్కువ. ప్రశాంతత కోరువారికి ఉత్తరాన ఉన్న తంజుంగ్ రూ, పసిర్ తెంకోరాక్ తీరములు తగినవి. ఇక్కడికి అద్దె కారులో గాని టాక్సీలో గాని వెళ్ళవచ్చును. భారతదేశములో వలె వాహనములు ఎడమవైపునే నడుస్తాయి.

రంజాన్ మాసములో వెళ్ళదలచినవారు, పగటివేళ బహిరంగముగా తినే ముస్లింలపై కెడా షరియా చట్టము ప్రకారము చర్య తీసుకొనవచ్చునని తెలుసుకొని ఉండవలెను. ఆ నెలలో సాయంత్రపు రంజాన్ సంతలలో ఇఫ్తార్‌కు కావలసిన పదార్థములు చవకగా దొరుకుతాయి. సూర్యాస్తమయమునకు గంట ముందే వెళ్ళుట మంచిది. ఆలస్యమైతే మంచివి అమ్ముడైపోతాయి.