బిల్డ్ స్క్రిప్టులలో భాషాప్రమాణాల గుర్తింపు: చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

ప్రోగ్రామింగ్ భాషకు కొత్త ప్రమాణం వెలువడినంత మాత్రాన కంపైలర్లన్నీ వెంటనే దానిని అనుసరించవు. సీ ప్లస్ ప్లస్‌కు 1998లో తొలి అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. అయినా అంతకు ముందే రూపొందిన టర్బో సీ ప్లస్ ప్లస్ భారతదేశంలోని అనేక ఇంజనీరింగ్ కళాశాలల ప్రయోగశాలల్లో చాలాకాలం కొనసాగింది. నేమ్‌స్పేస్‌లు దానికి తెలియవు. కాబట్టి ప్రమాణబద్ధంగా రాసిన ప్రోగ్రాం సైతం అక్కడ దోషంగా తేలేది. మూలరూపంలో పంపిణీ అయ్యే సాఫ్ట్‌వేర్‌కు ఈ అంతరమే ప్రధాన సమస్య. అది ఏ కంప్యూటరుకు చేరుతుందో రచయితకు తెలియదు; అక్కడి కంపైలర్ సామర్థ్యాన్ని బిల్డ్ స్క్రిప్టే తెలుసుకోవాలి.

2. పేరు నుంచి పరీక్షకు

1980వ దశకంలో యూనిక్స్ అనేక శాఖలుగా చీలింది. లారీ వాల్ 1984లో తన వార్తాపఠన ప్రోగ్రాం 'ఆర్‌ఎన్'తో పాటు, యంత్రాన్ని పరిశీలించే కాన్ఫిగర్ స్క్రిప్టును అందించాడు. 1991లో డేవిడ్ మెకంజీ ఆటోకాన్ఫ్‌ను ప్రారంభించాడు. యంత్రం పేరును బట్టి ఊహించక, చిన్న ప్రోగ్రామును కంపైల్ చేయించి ఫలితాన్ని బట్టి నిర్ణయించడం దాని మూలసూత్రం. 2006 నాటి 2.60 కూర్పులో సీ99 కోసం ప్రత్యేక పరీక్ష చేరింది. 2020 నాటి 2.70 కూర్పు నుంచి సీ కంపైలర్‌ను వెదికే సాధారణ పరీక్షే సీ11కు ప్రాధాన్యమిచ్చి, అది కుదరకపోతే పాత ప్రమాణాలను స్వీకరిస్తుంది.

3. కంపైలర్ మాట, కంపైలర్ చేత

తాను అనుసరించే ప్రమాణాన్ని కంపైలర్ ఒక మాక్రో విలువగా ప్రకటించాలి. సీ ప్లస్ ప్లస్ 1998 ప్రమాణానికి ఆ విలువ 199711. కానీ జీసీసీ 2012లో 4.7 కూర్పు వచ్చేవరకు 1 అనే చెప్పింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ ప్రత్యేక ఐచ్ఛికం ఇస్తే తప్ప నేటికీ పాత విలువనే చూపుతుంది. ఈ సంఖ్యను మాత్రమే నమ్మిన స్క్రిప్టు సమర్థమైన కంపైలర్‌నూ తిరస్కరిస్తుంది.

దీనికి విపర్యయమూ ఉంది. జీసీసీ 4.8లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల హెడర్ ఉన్నా దాని అమలు అసంపూర్ణం. 2014 నాటి 4.9లోనే అది సక్రమంగా పనిచేసింది. హెడర్ ఉనికిని మాత్రమే చూసిన పరీక్ష ఇక్కడ మోసపోతుంది. ప్రోగ్రామును నడిపి చూడడమే నికరమైన మార్గం. అయితే ఒక యంత్రంపై మరో యంత్రానికి కంపైల్ చేసేటప్పుడు ఆ వీలుండదు. 2014లో వచ్చిన సీమేక్ 3.1 మరో మార్గం తొక్కింది: ఏ కంపైలర్ ఏ కూర్పు నుంచి ఏ సౌలభ్యాన్ని అందిస్తుందో ముందే నమోదు చేసుకుంది. ఒకప్పుడు విడిచిన 'పేరును బట్టి నిర్ణయం' ఈ విధంగా మెరుగైన రూపంలో తిరిగివచ్చింది. సీ ప్లస్ ప్లస్ 2020 ప్రమాణం ఒక్కొక్క సౌలభ్యానికీ విడి మాక్రోను నిర్దేశించి, ఈ బాధ్యతను కంపైలర్‌కే అప్పగించింది.

4. పరీక్షలోనే దోషం

ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్ని సీ99 నిషేధించింది. అయినా కంపైలర్లు దశాబ్దాల పాటు హెచ్చరికతో సరిపెట్టాయి. 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 దానిని దోషంగా పరిగణించాయి. హెడర్ చేర్చకుండా రాసిన పాత పరీక్షా ప్రోగ్రాములు దీనితో విఫలమవుతాయి. అప్పుడు స్క్రిప్టు ఆగదు. ఆ సౌలభ్యం యంత్రంలో లేదని నమోదు చేసుకొని ముందుకు సాగుతుంది. తయారైన సాఫ్ట్‌వేర్‌లో ఆ భాగం నిశ్శబ్దంగా లోపిస్తుంది. ఫెడోరా బృందం ఇటువంటి స్క్రిప్టులను వెదికి సవరించే పనిని ప్రత్యేకంగా చేపట్టవలసివచ్చింది.

5. ముగింపు

పరీక్షా ప్రోగ్రాం కూడా ప్రోగ్రామే. అదీ ప్రమాణానికి లోబడాలి. విఫలమైన పరీక్ష సౌలభ్యం లేదని చెబుతున్నదా, లేక తన దోషాన్నే చెబుతున్నదా అన్న వివేచన అవసరం. శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాల కళాశాలల్లో పాత, కొత్త కంపైలర్లు పక్కపక్కనే ఉండే ప్రయోగశాలలో ఒకే ప్రోగ్రామును రెండింటిపైనా నడిపిస్తే, ఈ చరిత్ర విద్యార్థికి ప్రత్యక్షంగా బోధపడుతుంది.