ఫ్యాక్టరీ రాసిపెట్టని చరిత్ర: కార్వెట్ కారు, దాని యజమానులు

జనరల్ మోటార్స్ సంస్థలోని షెవ్రొలే విభాగం 1953 నుంచి తయారు చేస్తున్న కార్వెట్ అమెరికన్ స్పోర్ట్స్ కార్లన్నిటిలో పేరుమోసినది. అయినా దాని తొలి పాతికేళ్ల గురించి ఇప్పుడు తెలిసిన సూక్ష్మ వివరాల్లో చాలా భాగం కంపెనీ దస్త్రాల్లో దొరికినవి కావు. ఆ కార్లను కొని, విప్పి, మడ్డి తుడిచి, ఒకదానితో ఒకటి పోల్చి చూసిన యజమానులు పోగుచేసినవి. ఏ కారు ఏ ఇంజన్‌తో, ఏ అదనపు హంగులతో ఫ్యాక్టరీ గేటు దాటిందో చెప్పే కాగితాలకు అమ్మకం ముగిశాక విలువ లేదనుకున్న కంపెనీ వాటిని చాలావరకు దాచలేదు. ఆ కొరతే ఒక సరదాను క్రమంగా పాండిత్యంగా మార్చింది.

1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్-ఆస్టోరియా హోటల్‌లో, జనరల్ మోటార్స్ తన కొత్త ఊహలను ప్రజలకు చూపే ‘మోటోరమా’ ప్రదర్శనలో, కార్వెట్ నమూనా మొదటిసారి కనిపించింది. అది కంపెనీ డిజైన్ విభాగాధిపతి హార్లీ ఎర్ల్ ఆలోచన. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు బ్రిటన్‌లో చూసిన ఎంజీ, జాగ్వార్ వంటి రెండు సీట్ల కార్ల మీద మోజు పెంచుకోవడం, వాటికి దీటైనది పెద్ద అమెరికన్ కంపెనీల దగ్గర లేకపోవడం ఆ ఆలోచనకు నేపథ్యం. అదే ఏడాది జూన్ 30న మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో ఉత్పత్తి మొదలై, ఏడాది ముగిసేలోపు 300 కార్లు, దాదాపు చేత్తో కూర్చినవే, బయటికి వచ్చాయి. అన్నీ తెల్లవే, అన్నిటికీ లోపల ఎర్ర సీట్లే. ఉక్కు రేకును వంచే భారీ అచ్చులకు పట్టే కాలాన్నీ ఖర్చునూ తప్పించుకోవడానికి బాడీని ఫైబర్‌గ్లాస్‌తో, అంటే గాజు పీచును రెసిన్‌లో తడిపి గట్టిపరిచిన పదార్థంతో చేశారు. చూపులకు ఇంత చురుకైన కారులో కుటుంబ కార్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌నే 150 అశ్వశక్తికి పెంచి, రెండు గేర్ల ఆటోమేటిక్‌తో కలిపి పెట్టడంతో ఐరోపా కార్లు నడిపినవారు పెదవి విరిచారు. 1954లో 3,640 కార్లు తయారైతే వాటిలో ఎన్నో అమ్ముడుపోక మిగిలాయి. 1955లో తయారైనవి 700 మాత్రమే కాగా, ఆ ఏడాది ఫోర్డ్ తెచ్చిన థండర్‌బర్డ్ సంఖ్య 16,155కు చేరింది. పోటీదారు ముందు పరువు దక్కించుకోవాలన్న పట్టుదల లేకపోతే షెవ్రొలే కార్వెట్‌ను అప్పుడే ఆపేసి ఉండేదని చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

కారును గట్టెక్కించినవారిలో ముఖ్యుడు జోరా ఆర్కస్-డంటోవ్. బ్రస్సెల్స్‌లో రష్యన్ దంపతులకు పుట్టిన ఈ ఇంజనీరు 1953లో జనరల్ మోటార్స్‌లో చేరి, ఆ డిసెంబరులోనే పై అధికారులకు ఒక అంతర్గత లేఖ రాశాడు. పాత కారుకు శక్తిమంతమైన ఇంజన్ తగిలించి, అక్కరలేని రేకు తీసేసి పరుగుకు సిద్ధం చేసే యువకులను అమెరికాలో హాట్‌రాడర్లు అంటారు. వీరి మనసు నిండా ఫోర్డ్ ఉందని, వేగం పెంచే విడిభాగాలను షెవ్రొలే స్వయంగా అందుబాటులో ఉంచితే తప్ప వీరు ఇటు తిరగరని ఆ లేఖ సారాంశం. 1955లో కార్వెట్‌కు వి-8 ఇంజన్, అంటే ఎనిమిది సిలిండర్లను నాలుగేసి చొప్పున రెండు వాలు వరుసల్లో అమర్చినది, వచ్చింది. 1957లో 283 ఘనపుటంగుళాల ఇంజన్ ఇంధనాన్ని కొలిచి చిమ్మే పరికరం సాయంతో 283 అశ్వశక్తిని ఇచ్చింది.

ఆ తొలి తరం అభిమానానికి కారును ఉన్నదున్నట్టు ఉంచాలన్న పట్టింపు ఏమాత్రం లేదు. కొన్న నెలకే ఇంజన్ మార్చినవారు, వెడల్పు టైర్ల కోసం చక్రాల పైనున్న బాడీ అంచును కోసినవారు, తమకు నచ్చిన రంగు వేయించినవారు కోకొల్లలు. డంటోవ్ కోరిన గిరాకీ కూడా అలాంటిదే. ఈ ధోరణికి 1963 నాటి స్టింగ్ రే కూపే, అంటే స్థిరమైన పైకప్పు ఉన్న కారు, మంచి ఉదాహరణ. ఎర్ల్ తర్వాత డిజైన్ బాధ్యత చేపట్టిన బిల్ మిచెల్ ఆ కారు వీపు పొడవునా సాగే గీతను వెనక అద్దం మధ్యగా కూడా సాగించి, అద్దాన్ని రెండు ముక్కలుగా చీల్చాడు. వెనక వచ్చే బండి కనబడదని డంటోవ్ అభ్యంతరం చెప్పాడు. ఆ ఏటికి మిచెల్ మాట నెగ్గింది, 1964లో చీలిక పోయింది. విచిత్రమేమంటే, 1963 కారు కొన్న కొందరు తమ బండి పాతబడినట్టు కనిపించకూడదని ఆ నడిమి పట్టీని కోయించి 1964 నాటి ఒంటి అద్దం బిగించుకున్నారు. చీలిక అద్దం కూపేలు మొత్తం 10,594 మాత్రమేనన్న సంగతి విలువగా మారాక, అదే పట్టీని తిరిగి అతికించే పని మరమ్మతు శాలలకు దక్కింది.

అభిరుచి ఇలా దిశ మార్చుకోవడానికి 1970ల పరిస్థితులే కారణం. వాయు కాలుష్య నిబంధనలు, సీసం లేని పెట్రోలు, బీమా రుసుముల భారం కలిసి కొత్త కార్ల జోరు తగ్గించాయి. 1970లో 300 అశ్వశక్తిగా చెప్పిన ప్రాథమిక ఇంజన్ 1975 నాటికి 165కు దిగింది. ఇందులో కొంత కొలత మారడం వల్ల వచ్చిన తేడా: అంతకుముందు ఇంజన్‌ను ఒంటరిగా పరీక్షించి అంకె చెప్పేవారు, 1972 నుంచి పొగగొట్టం వగైరా తగిలించి చెప్పసాగారు. నిజమైన క్షీణత కూడా తక్కువేమీ కాదు. కొత్తది కొనడంలో ఉత్సాహం పోయినకొద్దీ పాతదాని మీద మమకారం పెరిగింది. 1973లో ఇలినాయ్ రాష్ట్రంలో ‘బ్లూమింగ్టన్ గోల్డ్’ అనే మేళా, 1974లో కార్వెట్ పునరుద్ధారకుల జాతీయ సంఘం పుట్టడం ఈ నేపథ్యంలోనే జరిగింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున కారు ఎలా ఉండేదో అలా ఉందా అన్నదే ఆ సంఘం న్యాయనిర్ణేతల ప్రశ్న. నూటికి 94 పాళ్లు దాటిన కారుకు ‘టాప్ ఫ్లైట్’ గుర్తింపు దక్కుతుంది. 1953-1962 కార్ల మీద నోలండ్ ఆడమ్స్ ప్రచురించిన సాంకేతిక గ్రంథం వంటివి ఈ పరిశీలనకు పునాది వేశాయి.

ఈ పాండిత్యం పనిచేసే తీరు ఇంజన్ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. ఇంజన్ దిమ్మె మీద, కుడి సిలిండర్ హెడ్‌కు ముందు, బొటనవేలంత వెడల్పున నునుపు చేసిన చోటు ఒకటి ఉంటుంది. ఇంజన్ ఎప్పుడు, ఏ రకంగా కూర్చారో చెప్పే సంకేతాన్ని, 1960 తర్వాత కారు సొంత సంఖ్యలో కొంత భాగాన్ని కూడా, అక్కడ అచ్చుగుద్దేవారు. కారు సంఖ్యా, ఇంజన్ మీది సంఖ్యా కలిస్తే దాన్ని ‘మ్యాచింగ్ నంబర్స్’ కారు అంటారు. దిమ్మె వెనక భాగాన పోత పోసిన తేదీ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది: జనవరికి మొదటి ఆంగ్లాక్షరం, ఫిబ్రవరికి రెండోది, ఆపై రోజు, ఏడాది చివరి అంకె. పోత తేదీ తర్వాత ఇంజన్ కూర్పు, దాని తర్వాత కారు తయారీ రావాలి. ఈ వరుస తప్పితే ఎక్కడో మోసమో మార్పో జరిగినట్టే. 1964-67 మధ్య కొన్ని బాడీలను, అప్పట్లో కార్వెట్లు తయారయ్యే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీలో కాక, మిషిగన్‌లోని అయోనియాలో ఏ.ఓ. స్మిత్ సంస్థ తయారు చేసి పంపేది. తెలిసినవారు బాడీకి బిగించిన చిన్న రేకు పలక మీది సంకేతం చూసి రెంటికీ తేడా చెబుతారు. 1960ల చివరి నుంచి, ఆ కారులో ఏమేం బిగించాలో రాసిన కాగితాన్ని కార్మికులు పెట్రోలు ట్యాంకు పైన అంటించేవారు. ట్యాంకు దించితే గానీ కనబడని ఆ చీటీ, చెమ్మకు చివికినా, ఎలుక కొరికినా, ఇప్పటికీ బలమైన సాక్ష్యం. తాళపత్ర ప్రతులను పోల్చే పండితుడు లేఖకుడి పొరపాట్ల ఆధారంగానే ప్రతుల వంశావళి తేల్చినట్టు, ఇక్కడ కూడా కారిన రంగు చార, సుద్దముక్కతో వేసిన తనిఖీ గుర్తు, ఆదరాబాదరాగా పూసిన జిగురు సాక్ష్యాలవుతాయి. కాబట్టి కారును ఫ్యాక్టరీ కంటే అందంగా తయారు చేస్తే మార్కులు తగ్గుతాయి. వెనకటి కార్మికుడి అజాగ్రత్తను అంతే జాగ్రత్తగా అనుకరించాలి.

సాక్ష్యానికి ధర వచ్చిన చోట దొంగ సాక్ష్యం కూడా వస్తుంది. పందేల కోసం 1967లో తెచ్చిన ఎల్88 ఇంజన్‌కు కంపెనీ కావాలనే 430 అశ్వశక్తి అని తక్కువ చేసి చెప్పింది. నిజానికి అది 500 దాటేది, కానీ కాగితం మీద దానికంటే చౌకైన ఎల్71 ఇంజన్‌కు 435 ఉండడంతో, వీధుల్లో తిరగాలనుకున్న కుర్రవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. పైగా ఎల్88 కొంటే హీటరు, రేడియో ఉండవు. ఆ ఏడాది అలాంటివి 20 మాత్రమే తయారయ్యాయి. 2014లో వాటిలో ఒకటి వేలంలో 38.5 లక్షల డాలర్లకు పోయింది. ఇంత తేడా ఉన్నప్పుడు మామూలు దిమ్మె మీది సంఖ్యను చెరిపి కొత్తది గుద్దాలన్న ఆశ సహజం. దిమ్మె పైభాగాన్ని ఫ్యాక్టరీ యంత్రం చెక్కినప్పుడు సన్నని సమాంతర గీతలు పడతాయి. అరగదీసి మళ్లీ గుద్దితే ఆ గీతలు చెదురుతాయి. నిపుణుడు భూతద్దంతో వెతికేది ముందు ఆ గీతలనే. అసలు ఇంజన్ పేలిపోయిన కారుకు అదే కాలపు దిమ్మె తెచ్చి సంఖ్య గుద్దడం పునరుద్ధరణా, మోసమా అన్న వాదం అభిమానుల్లో ఇంకా తెగలేదు. కొనేవాడికి దాచకుండా చెప్పారా లేదా అన్నదే అందులో గీటురాయి కావాలి తప్ప, గుద్దిన అంకెల చక్కదనం కాదు.

అరుదైనదానికే ధర అన్న సూత్రాన్ని మరచినవారూ ఉన్నారు. 1978లో ఇండియానాపొలిస్ పందెంలో కార్ల వరుసకు ముందు నడిచే కారును పోలిన నమూనాలను 6,502 తయారు చేస్తే, జనం పెట్టుబడి అనుకుని, సీట్ల మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా షెడ్లలో దాచారు. అందరూ దాచినది అరుదు కాదు గనుక ఆ లెక్క చాలామందికి తప్పింది.

కార్ల ఉత్పత్తి 1981లో కెంటకీ రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్‌కు మారింది. 1994లో అక్కడే జాతీయ కార్వెట్ మ్యూజియం తెరిచారు. 2014 ఫిబ్రవరి 12 తెల్లవారుజామున, సున్నపురాయి నేల కుంగి, ఆ మ్యూజియం గుమ్మటం కింద ప్రదర్శనలో ఉన్న ఎనిమిది కార్లు గుంతలో పడ్డాయి. వాటిలో మూడింటిని మాత్రమే బాగుచేయాలని తర్వాత నిర్ణయించారు. 1992లో వచ్చిన పది లక్షలవ కార్వెట్ ఆ మూడింటిలో ఒకటి. మొదటి కార్లలాగే తెల్లది, లోపల ఎర్రది. దాన్ని విప్పినప్పుడు భాగాల లోపలి వైపు ఫ్యాక్టరీ కార్మికులు చేసిన సంతకాలు బయటపడ్డాయి. సంతకం ఉన్న భాగాన్ని వీలైనంతవరకు అలాగే ఉంచి, బాగుచేయడానికి వీలుకాని చోట సంతకాన్ని స్కాన్ చేసి కొత్త భాగం మీదికి ఎక్కించారు. దిమ్మె మీది సంఖ్యను తిరిగి గుద్దడంపై తగవులాడే అభిమానుల్లో ఈ నకలు సంతకాలను తప్పుపట్టినవారు తక్కువ. చేసిన పనిని మ్యూజియం బహిరంగంగా ప్రకటించడం అందుకు కారణం కావచ్చు. 2009 నాటి పదిహేను లక్షలవ కారుతో సహా మిగిలిన ఐదింటిని మాత్రం నుజ్జయిన రూపంలోనే ప్రదర్శనకు ఉంచారు.