తలసరి న్యాయం: వాతావరణ దౌత్యంలో భారత వైఖరి, పల్నాటి సున్నపురాయి

వాతావరణ మార్పుపై అంతర్జాతీయ చర్చలు మొదలైన నాటినుంచి భారత ప్రభుత్వం ఒకే సూత్రాన్ని పట్టుకుని నడిచింది. ఆ సూత్రాన్ని కాపాడుకునే పద్ధతిని మాత్రం కాలాన్నిబట్టి మార్చుకుంటూ వచ్చింది. గాలిలో పేరుకుపోయిన బొగ్గుపులుసు వాయువులో అధికభాగం ముందుగా పరిశ్రమలు పెంచుకున్న దేశాలదే కనుక దాన్ని తగ్గించే భారం మొదట వాటిమీదే పడాలనీ, ఏ దేశపు వాటానైనా మొత్తం లెక్కతో కాక తలసరి లెక్కతో కొలవాలనీ ఆ సూత్రం చెబుతుంది. ఢిల్లీలో రూపుదిద్దుకున్న ఈ వాదానికి భౌతికమైన ఆధారం ఎక్కడుందో తెలుసుకోవాలంటే పల్నాడు జిల్లాలోని దాచేపల్లి ప్రాంతాన్ని పరిశీలించడం ఉపయోగకరం.

కృష్ణకు దక్షిణాన, నడికుడి రైల్వే జంక్షన్ ఉన్న ఈ ప్రాంతమంతా భూవిజ్ఞానులు నర్జీ సున్నపురాయి అని పిలిచే పొరలమీద ఉంది. పిడుగురాళ్ల నుంచి దాచేపల్లి వరకు సున్నపు బట్టీలు, వాటికి తోడు సిమెంటు కర్మాగారాలు ఆ రాయిమీదే ఆధారపడి నడుస్తున్నాయి. స్వచ్ఛమైన సున్నపురాయిని 900 డిగ్రీల ప్రాంతపు వేడిలో కాల్చినప్పుడు ప్రతి 100 కిలోల రాయికి దాదాపు 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఇది బొగ్గు మండినందువల్ల వచ్చే పొగకు అదనం. రాయిలోనే బంధించి ఉన్న వాయువు కనుక, బట్టీకి ఏ ఇంధనం వాడినా ఇది వెలువడక మానదు. సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారీలోనూ ఇదే జరుగుతుంది. సిమెంటు పరిశ్రమ ఉద్గారాల్లో, అంటే అది గాలిలోకి వదిలే వాయువుల్లో, సగానికి పైగా రాయినుంచే వస్తాయి. ఇళ్లు, వంతెనలు, కాలువలు ఇంకా కట్టుకోవలసి ఉన్న దేశం తన ఉద్గారాలు కొంతకాలం పెరగక తప్పదని ఎందుకు పట్టుబడుతుందో ఈ లెక్క చెబుతుంది.

పట్టుబట్టే అలవాటు వాతావరణ చర్చలకంటే పాతది. 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సులోనే ఇందిరా గాంధీ పేదరికాన్నీ పర్యావరణాన్నీ విడదీసి చూడరాదని వాదించారు. ఓజోన్ పొర రక్షణకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందంలో భారత్ వెంటనే చేరలేదు. పేద దేశాలు కొత్త సాంకేతికతకు మారడానికి నిధి కావాలని చైనాతో కలిసి కోరి, 1990లో లండన్ సమావేశం అటువంటి నిధికి అంగీకరించాక, 1992లో చేరింది. షరతు నెరవేరాకే సంతకం అన్న ఈ అనుభవం తరువాతి వాతావరణ దౌత్యానికి నమూనా అయింది.

1992 జూన్‌లో రియో డి జనీరోలో జరిగిన ధరిత్రీ సదస్సుకు భారత ప్రధానిగా వెళ్లినది పి.వి. నరసింహారావు. అంతకు ఏడాది ముందే విదేశీ మారక నిల్వలు అడుగంటి, దేశం బంగారాన్ని కుదువబెట్టవలసి వచ్చింది. అటువంటి ఆర్థిక బలహీనతలో ఉన్న దేశం సంపన్న దేశాల ఎదుట గట్టిగా మాట్లాడగలగడం చిన్న విషయం కాదు. విదేశాంగ మంత్రిగా అలీనోద్యమ రాజకీయాల్లో ఆయన గడించిన అనుభవం అప్పటి భారత ప్రతినిధి బృందానికి అండగా నిలిచి ఉండాలి. పర్యావరణ పరిశోధకులు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే తలసరి వాదాన్ని పదునుగా ముందుకు తెచ్చారు. పేదల బతుకుతెరువు కోసం వెలువడే వాయువులనూ సంపన్నుల విలాసాల కోసం వెలువడే వాయువులనూ ఒకే గాటన కట్టరాదని వారు వాదించారు. రియోలో సంతకాలకు సిద్ధమైన వాతావరణ ఒడంబడికలో ఈ ఆలోచన ‘ఉమ్మడి, అయితే భిన్నమైన బాధ్యతలు’ అన్న సూత్రంగా చోటుచేసుకుంది. అన్ని దేశాలదీ బాధ్యతే అయినా, కారణమైన మేరకూ శక్తి ఉన్న మేరకూ ఆ బాధ్యత మారుతుందని దాని భావం. వర్ధమాన దేశాలు ఎంత మేరకు పనిచేయగలవన్నది సంపన్న దేశాలు ఇచ్చే ధనం, సాంకేతికతలమీద ఆధారపడుతుందని కూడా ఒడంబడిక గుర్తించింది. భారత్ దాన్ని 1993 నవంబరులో ధ్రువీకరించింది.

తరువాతి పదిహేనేళ్ల చరిత్ర ఈ విజయాన్ని కాపాడుకోవడంలోనే గడిచింది. 1995లో బెర్లిన్‌లో, చమురు ఎగుమతి దేశాలను పక్కనబెట్టి, భారత్ చొరవతో అనేక వర్ధమాన దేశాలు ఏకమై, కొత్త బాధ్యతలేవీ తమమీద పడకుండా సంపన్న దేశాల తగ్గింపులపైనే చర్చ సాగేలా చూశాయి. దాని ఫలితమే 1997 నాటి క్యోటో ఒప్పందం. అందులో అమెరికా చివరికి చేరకపోవడంతో ఒప్పందపు నైతిక బలం దెబ్బతిన్నదే కాక, చైనా, భారత్‌లు కూడా తగ్గించాలన్న ఒత్తిడి పెరగడానికి దారి ఏర్పడింది. 2002లో ఢిల్లీలోనే ఎనిమిదో వాతావరణ సదస్సు జరిగినప్పుడు వాజపేయి ప్రభుత్వం అభివృద్ధికీ, మారిన వాతావరణానికి తట్టుకునే ఏర్పాట్లకూ ప్రాధాన్యమిచ్చింది.

2007లో జర్మనీలోని హైలిగెండామ్‌లో మన్మోహన్ సింగ్ ఇచ్చిన మాట ఈ వైఖరిలో మొదటి మలుపు. భారత తలసరి ఉద్గారాలు సంపన్న దేశాల తలసరిని ఎన్నడూ మించబోవని ఆయన ప్రకటించారు. అంటే సంపన్న దేశాలు ఎంత తగ్గించుకుంటే భారత్ పరిమితి కూడా అంత తగ్గుతుంది. 2008 జూన్‌లో ఎనిమిది జాతీయ మిషన్లతో కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. అసలు మార్పు మాత్రం 2009 డిసెంబరులో, కోపెన్‌హేగన్ సదస్సుకు కొద్దిరోజుల ముందు, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు ఎన్నికైన పర్యావరణ మంత్రి జైరాం రమేష్ లోక్‌సభలో చేసిన ప్రకటనతో వచ్చింది. 2005తో పోల్చి 2020 నాటికి ఉద్గార తీవ్రతను 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని ఆయన చెప్పారు. ఉద్గార తీవ్రత అంటే దేశ ఆర్థిక ఉత్పత్తిలో ప్రతి రూపాయికీ ఎంత వాయువు వెలువడుతుందన్న కొలత. ఉత్పత్తి పెరిగితే మొత్తం ఉద్గారాలు పెరగవచ్చు గానీ, పెరిగే వేగం తగ్గుతుంది. మరుసటి ఏడాది కాన్‌కున్‌లో, అన్ని దేశాలూ తగిన చట్టరూపంలో బాధ్యతలు స్వీకరించాలని ఆయన అన్నప్పుడు, సంపన్న, వర్ధమాన దేశాల బాధ్యతల మధ్య రియో నాడు కట్టిన గోడకు బీటవేశారన్న విమర్శ దేశంలో బలంగా వినిపించింది. ఆ విమర్శకు కారణం లేకపోలేదు. అయినా, చైనా, బ్రెజిల్, దక్షిణాఫ్రికాలతో కలిసి బేసిక్ కూటమిగా నిలబడి, అడ్డుతగిలే దేశం అన్న ముద్రను చెరిపివేసుకోవడం భారత్‌కు అవసరమైన పనే. చొరవ చూపనిదే న్యాయం గురించిన మాటకు వినేవారు దొరకరని ఆ దశ నిరూపించింది.

పారిస్‌లో 2015లో ఈ మార్పు స్థిరపడింది. 2030 నాటికి ఉద్గార తీవ్రతలో 33 నుంచి 35 శాతం తగ్గింపు, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో 40 శాతం బొగ్గు, గ్యాసు వంటి శిలాజ ఇంధనాలతో పనిలేనిది కావడం అన్న లక్ష్యాలను భారత్ స్వయంగా ప్రకటించుకుంది. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వంటివి ఆ మాటకు పునాది అయ్యాయి. 2021లో గ్లాస్గోలో 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు, అంటే వదిలినంత వాయువును తిరిగి పీల్చుకునే స్థితి, సాధిస్తామని ప్రధాని నరేంద్ర మోదీ ప్రకటించారు. అదే సదస్సు చివరి గంటల్లో బొగ్గు విద్యుత్తును పూర్తిగా నిలిపివేయాలన్న ప్రతిపాదనను క్రమంగా తగ్గించాలన్నదిగా భారత్ మార్పించింది. సింగరేణి బొగ్గుమీద, రామగుండం వంటి విద్యుత్ కేంద్రాలమీద ఆధారపడిన ప్రాంతాల వైపునుంచి చూస్తే అది అర్థం చేసుకోదగిన పట్టుదలే. 2022లో లక్ష్యాలు 45, 50 శాతాలకు పెరిగాయి. విద్యుత్ సామర్థ్యపు 50 శాతం లక్ష్యం 2025లోనే నెరవేరింది.

ధనం విషయంలో మాత్రం కథ వెనకబడే ఉంది. 2020 నుంచి ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామన్న కోపెన్‌హేగన్ నాటి హామీ గడువు దాటాక గానీ పూర్తికాలేదు. 2024లో బాకులో, వర్ధమాన దేశాలు 1.3 లక్షల కోట్ల డాలర్లు కోరగా 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్ల అంకె ఖరారైనప్పుడు, భారత ప్రతినిధి సభలోనే గట్టి అభ్యంతరం తెలిపారు. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం వంటి దిగుమతులపై వాటి తయారీలో వెలువడిన వాయువును బట్టి ఐరోపా సమాఖ్య వసూలు చేయదలచిన సరిహద్దు రుసుమును కూడా భారత్ వ్యతిరేకిస్తోంది. వాతావరణం పేరిట వ్యాపారానికి అడ్డుకట్టలు వేయరాదన్న ఒడంబడిక నిబంధనకు అది విరుద్ధమన్నది భారత్ అభిప్రాయం.

ఈ వాదనలన్నీ దేశాల మధ్య న్యాయానికి సంబంధించినవి. దేశం లోపలి న్యాయం గురించి భారత దౌత్యం అంతగా మాట్లాడలేదు. 2023లో ప్రకటించిన కార్బన్ క్రెడిట్ల వ్యాపార పథకం కింద 2025 అక్టోబరులో సిమెంటు కర్మాగారాలకు ఉద్గార తీవ్రత లక్ష్యాలు నిర్ణయమయ్యాయి. పెద్ద కర్మాగారాలు క్లింకర్ పాలు తగ్గించి, బూడిద, కొలిమి చిట్టెం కలిపి ఆ లక్ష్యాలను చేరుకోగలవు. సున్నపు బట్టీలకు ఆ వెసులుబాటు లేదు. సున్నమే వాటి సరుకు కనుక కలపడానికి వేరే పదార్థమేదీ లేదు. బట్టీల పొగలో పనిచేసే కూలీల తలసరి ఉద్గారాలు దేశ సగటుకు ఎంతో దిగువనే ఉంటాయి; వారి పేదరికమే చర్చల బల్లమీద దేశానికి బలమైన వాదన. బయటి దేశాలనుంచి భారత్ కోరుతున్న నిధి, సాంకేతికత, గడువు అన్నవి అదే క్రమంలో పిడుగురాళ్ల, దాచేపల్లి బట్టీలకు కూడా అందవలసినవి.