నూజివీడు వీణ

నూజివీడు వీణ ఆంధ్ర ప్రదేశ్‌లోని నూజివీడులో పనస కర్రతో తయారగు సరస్వతీ వీణ. మామిడి తోటలకు పేరొందిన ఈ పట్టణం 2022లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాలో చేరినది.

పాత వీణను పరిశీలించుట

కుండ, దండి ఒకే దుంగ నుండి తొలిచినచో అది ఏకాండి వీణ. అతుకుల వీణలో ఆ రెండును కలియుచోటు నగిషీ పట్టీ క్రింద కనబడకపోవచ్చును. కావున పట్టీకి ఇరువైపులా కర్ర చారలు ఒకే వరుసలో సాగుచున్నవో లేదో చూడవలెను.

వీణకు గల 24 మెట్లను మైనముపై అమర్చెదరు. పాతబడిన మైనమును తీసి మెట్లను మరల అమర్చుట మామూలే. కావున మైనమును బట్టి వీణ వయస్సు చెప్పరాదు.

భౌగోళిక గుర్తింపు గల బొబ్బిలి వీణ కూడ పనస కర్రదే. అందువలన కర్ర మాత్రమే చూచి ఊరు నిర్ణయింపరాదు. తయారీదారుని రసీదు, వీణ చేతులు మారిన వివరములు ఇందుకు మెరుగైన ఆధారములు.

ఇవి కూడా చూడండి

* సరస్వతీ వీణ
* బొబ్బిలి వీణ