కూర్చునే హక్కు: ఒక అమెరికా పార్కు చరిత్ర

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రపు ఈశాన్య మూలన, సెయింట్ జాన్స్ నది ఒడ్డున ఉన్న జాక్సన్‌విల్ నగరంలో, నగర కార్యాలయానికి ఎదురుగా ఒకటిన్నర ఎకరం విస్తీర్ణం గల పాత పార్కు ఒకటి ఉంది. 1899 నుంచి 2020 వరకు హెమింగ్ పేరుతో నడిచిన ఈ పార్కులో పగలంతా బల్లల దగ్గర చేరి పేకాట, చదరంగం ఆడేవారినీ, ఇల్లు లేక బెంచీల మీదే పొద్దుపుచ్చేవారినీ ఏం చేయాలన్న ప్రశ్న 2010 దశకం తొలి ఏళ్లలో నగర మండలినీ, వ్యాపారులనూ, సేవాసంస్థలనూ వాదోపవాదాల్లోకి దించింది. బల్లలు, కుర్చీలు తీసివేస్తే అక్కడ ఎవరూ చేరరని కొందరు వాదించారు. అవి తీసివేస్తే అది పార్కే కాదని మరికొందరు బదులిచ్చారు. చెప్పుకోదగిన పని ఏదీ లేకుండా బహిరంగ స్థలంలో నిలబడడాన్ని, కూర్చోవడాన్ని, తచ్చాడడాన్ని అమెరికా చట్టాలు ‘లాయిటరింగ్’ అంటాయి. పారిశుధ్యం, భద్రతల గురించిన స్థానిక తగాదాగా కనిపించే ఈ చర్చకు వేళ్లు చాలా లోతున ఉన్నాయి. కోనసీమ నుంచి అమెరికాకు వెళ్లి స్థిరపడినవారికీ, వారిని చూడడానికి వెళ్లే తల్లిదండ్రులకూ ఆ దేశపు రోడ్లు, భవనాలు, జీతాలు తెలిసినంతగా ఈ చరిత్ర తెలియదు కాబట్టి, దానిని మొదటి నుంచి చెప్పుకోవడం అవసరం.

ఊరికే తిరగడాన్ని నేరంగా చూసే ఆలోచన అమెరికాకు ఇంగ్లండు నుంచి వచ్చింది. పద్నాలుగో శతాబ్దం మధ్యలో ప్లేగు మహమ్మారి ఇంగ్లండు జనాభాలో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టగా, కూలీలు కరువై కూలి రేట్లు పెరిగాయి. భూస్వాములకు పాత కూలికే మనుషులు దొరకాలన్న ఉద్దేశంతో 1349లో రాజాజ్ఞ, 1351లో పార్లమెంటు శాసనం వెలువడ్డాయి. సొంత జీవనాధారం లేని అరవై ఏళ్లలోపు వారందరూ పిలిచిన చోట పని చేయాలనీ, పని చేయగల బిచ్చగాళ్లకు దానం చేయరాదనీ అవి నిర్దేశించాయి. ఆ తర్వాతి శతాబ్దాల్లో వచ్చిన చట్టాలు పనిలేక ఊరూరా తిరిగేవారిని ‘వేగ్రెంట్లు’, అంటే దేశదిమ్మరులు, అని ముద్రవేసి శిక్షించగా, సముద్రం దాటి వెళ్లిన వలసదారులు ఆ చట్టాలను తమ వెంట తీసుకువెళ్లి కొత్త నేలపై నాటారు.

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసి బానిసత్వం రద్దయినప్పుడు ఈ పాత ఆయుధానికి కొత్త పదును వచ్చింది. బానిసత్వాన్ని నిషేధించిన పదమూడవ రాజ్యాంగ సవరణ, నేరానికి శిక్షగా మాత్రం నిర్బంధ శ్రమను అనుమతించింది. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందును వాడుకుని ‘బ్లాక్ కోడ్లు’ అనే చట్టాలు చేశాయి. 1865 నవంబరులో మిసిసిపీ చేసిన చట్టం, కొత్త ఏడాది జనవరి నాటికి పని ఒప్పందం లేని నల్లజాతి వయోజనులను దేశదిమ్మరులుగా ప్రకటించి, జరిమానా కట్టలేనివారిని ఆ సొమ్ము చెల్లించిన యజమాని దగ్గర పనికి అప్పగించింది. ఫ్లోరిడా కూడా అదే బాట పట్టింది. ఖైదీలను కంపెనీలకు కౌలుకిచ్చే పద్ధతి అక్కడ 1923 దాకా సాగింది. టికెట్టు లేకుండా రైలెక్కి పట్టుబడిన శ్వేతజాతి యువకుడొకడు 1922లో ఒక కలప కంపెనీ శిబిరంలో కొరడా దెబ్బలు తిని చనిపోయి, దేశమంతటా ఆగ్రహం పెల్లుబికిన తర్వాతే అది ఆగింది. అతని మీద మోపిన నేరం కూడా దేశదిమ్మరితనమే.

తెలుగు పాఠకులకు ఇది పూర్తిగా పరాయి కథ కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించి, సంచార జీవనం గడిపే ఎరుకల వంటి సమూహాలను పుట్టుకతోనే అనుమానితులుగా లెక్కగట్టింది. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో వారు పిలుపుకు హాజరు చెప్పుకుంటూ, అనుమతి లేకుండా ఊరు దాటలేని స్థితిలో బతికారు. 1952లో ఆ చట్టం రద్దయింది గాని, ఆ ముద్ర అంత త్వరగా చెరిగిపోలేదు. రెండు ఖండాల్లోనూ పాలకులు శిక్షించింది ఒక చర్యను కాదు, ఒక రకం మనిషి ఒక చోట కనిపించడాన్ని.

జాక్సన్‌విల్ పార్కు ఈ చరిత్రకు నడిమధ్య నిలిచింది. పట్టణాన్ని స్థాపించిన ఐజయా హార్ట్ 1857లో ప్రజల చౌకుగా కేటాయించిన ఈ స్థలాన్ని 1866లో ఆయన కుటుంబం నామమాత్రపు ధరకు నగరానికి అప్పగించింది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి పోరాడిన దక్షిణాది సమాఖ్య సైనికుల స్మారకంగా చార్లెస్ హెమింగ్ అనే మాజీ సైనికుడు 1898లో ఇక్కడ ఎత్తయిన స్తంభాన్ని ప్రతిష్ఠించగా, మరుసటి ఏడు పార్కుకు ఆయన పేరే పెట్టారు. 1901 మే 3న చెలరేగిన అగ్నిప్రమాదం రెండు వేలకు పైగా భవనాలను బూడిద చేసినా ఆ స్తంభం నిలిచింది.

ఆ ఏడాదే అదే నగరంలోని మరో పార్కులో జరిగిన ఒక ఘటన ఈ మొత్తం చర్చకు కీలకమైనది. 1871లో జాక్సన్‌విల్‌లో పుట్టి, ఉపాధ్యాయుడిగా, కవిగా, న్యాయవాదిగా ఎదిగిన జేమ్స్ వెల్డన్ జాన్సన్, అగ్నిప్రమాదం గురించి వ్యాసం రాసిన ఒక పాత్రికేయురాలితో మాట్లాడడానికి నది ఒడ్డున ఉన్న రివర్‌సైడ్ పార్కులో కూర్చున్నారు. ఆమె కూడా నల్లజాతి స్త్రీయే అయినా మేని ఛాయ తెల్లగా ఉండడంతో, నల్లవాడు తెల్ల స్త్రీతో కూర్చున్నాడన్న అనుమానంతో సాయుధ సిపాయిలు వేటకుక్కలతో వచ్చి చుట్టుముట్టి, ఆయనను కొట్టి పట్టుకుపోయారు. ఆయన ప్రాణాలతో బయటపడడం కష్టమైంది. ఆ తర్వాత ఆయన న్యూయార్కుకు వెళ్లి, నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ సంస్థకు 1920లో తొలి నల్లజాతి కార్యదర్శి అయ్యారు.

1960 ఆగస్టు 27న, భోజన కౌంటర్ల దగ్గర తమకూ చోటివ్వాలని కోరుతూ శాంతియుతంగా కూర్చుని నిరసన తెలుపుతున్న నల్లజాతి యువజనులపై, హెమింగ్ పార్కు చెంత దాదాపు రెండువందల మంది శ్వేతజాతి మూక గొడ్డలి కామలతో, బేస్‌బాల్ బ్యాట్లతో దాడి చేసింది. ఆ రోజును అమెరికా చరిత్ర గొడ్డలి కామల శనివారంగా గుర్తుంచుకుంది. నిరసనకు నాయకత్వం వహించిన రాడ్నీ హర్స్ట్‌కు అప్పటికి పదహారేళ్లు.

పన్నెండేళ్ల తర్వాత ఈ నగరం పేరు న్యాయశాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది. లక్ష్యం లేకుండా తిరిగేవారు, అలవాటుగా ఖాళీగా ఉండేవారు, భార్యల సంపాదన మీద బతికేవారు అంటూ పెద్ద జాబితా చదివి, వారందరినీ తొంభై రోజుల దాకా జైలుకు పంపగల నగర శాసనం జాక్సన్‌విల్‌లో అమల్లో ఉండేది. 1969లో భోజనం ముగించుకుని కారులో వెళ్తున్న ఇద్దరు తెల్ల స్త్రీలనూ ఇద్దరు నల్ల పురుషులనూ పోలీసులు దాని కిందే అరెస్టు చేసి, జాతికీ ఈ అరెస్టుకూ సంబంధం లేదన్నారు. పాపాక్రిస్టూ వర్సెస్ జాక్సన్‌విల్ నగరం అనే ఆ వ్యాజ్యంలో 1972 ఫిబ్రవరి 24న సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆ శాసనాన్ని కొట్టివేసింది. ఏది నేరమో సామాన్యుడికి బోధపడని చట్టం, ఎవరిని పట్టుకోవాలో పోలీసు ఇష్టానికే వదిలేసే చట్టం రాజ్యాంగబద్ధం కాదని తీర్పు రాసిన జస్టిస్ విలియం డగ్లస్ వివరించారు. నడవడం, తిరగడం, ఊరికే ఉండడం మనిషి జీవితపు సహజ సౌఖ్యాల్లో భాగమని కూడా ఆయన గుర్తుచేశారు.

ఆ తీర్పుతో చట్టానికి పోయిన అధికారం క్రమంగా మరో రూపంలో తిరిగి వచ్చింది. 1971లో ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన నేరశాస్త్రవేత్త సి. రే జెఫరీ, 1972లో వాస్తుశిల్పి ఆస్కార్ న్యూమన్ ప్రచురించిన పుస్తకాలు, పరిసరాల రూపకల్పన ద్వారానే నేరాలను తగ్గించవచ్చన్న సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చాయి. చాలినంత వెలుతురు, అడ్డులేని చూపు, స్థలం తమదన్న భావన నివాసులకు కలగడం వంటి మంచి సూత్రాలు అందులో ఉన్నాయి. అయితే నగరాలు వాటిలో సులువైన భాగాన్నే పట్టుకుని, పడుకోవడానికి వీలు లేకుండా బెంచీల మధ్య ఇనుప చేతులు బిగించడం, గట్ల మీద మొనలు అమర్చడం, చివరికి కూర్చునే చోటే లేకుండా చేయడం మొదలుపెట్టాయి. విమర్శకులు దీనికి శత్రు నిర్మాణం అని పేరు పెట్టారు. చట్టాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు, పోలీసును కారణం అడగవచ్చు. మధ్యలో ఇనుప చెయ్యి ఉన్న బెంచీ మాత్రం ఎవరికీ జవాబు చెప్పదు. ఎవరు కూర్చోవాలో నిర్ణయించే పనిని న్యాయస్థానం పోలీసుల చేతిలోనుంచి తీసేస్తే, నగరాలు దానిని బెంచీకి అప్పగించాయి.

జాక్సన్‌విల్‌లో జరిగిందీ ఇదే వరసలోనిది. 1970 దశకం చివర్లో పచ్చని పార్కును ఇటుక పరచిన చౌకుగా మార్చారు. డబ్బున్న కుటుంబాలు శివార్లకు తరలిపోగా, చుట్టూ ఉన్న పెద్ద దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటిలో ఒకటి నడిచిన సెయింట్ జేమ్స్ భవనం 1997లో నగర కార్యాలయంగా మారింది. అప్పటికి పార్కులో మిగిలింది వేరే ఎక్కడా చోటు లేనివారే. వారి గొడవలకూ, పొగకూ, అపరిశుభ్రతకూ భయపడి పక్కనున్న గ్రంథాలయానికి, మ్యూజియానికి రావడం మానుకున్నామని చెప్పినవారి ఇబ్బంది నిజమైనదే, దానిని కొట్టిపారేయడం న్యాయం కాదు. కాని పార్కు ఖాళీ కావడానికి కారణం అక్కడ కూర్చున్నవారు కారు. నగరం వెళ్లిపోయాక వారు మిగిలారు. 2014లో నగరం పార్కు నిర్వహణను ఒక స్వచ్ఛంద సంస్థకు అప్పగించగా, సంగీతం, తినుబండారాల బండ్లు, ఆటలతో జనాన్ని పెంచే ప్రయత్నం సాగింది. నిధుల వినియోగంపై వివాదాలు మాత్రం తప్పలేదు.

జనాన్ని పెంచాలన్న ఈ రెండో మార్గానికి న్యూయార్కులోని బ్రయంట్ పార్కు ప్రసిద్ధమైన ఉదాహరణ. 1934లో వీధి మట్టం కన్నా ఎత్తున, కంచెలు, గుబురు పొదల నడుమ పునర్నిర్మించిన ఆ పార్కు 1970 దశకానికి మత్తుమందుల వ్యాపారుల అడ్డాగా మారింది. నగర స్థలాల్లో మనుషుల నడవడికను ఏళ్ల తరబడి గమనించిన విలియం వైట్, వద్దనుకున్నవారిని తరిమే ఏర్పాట్లే పార్కును వారికి వదిలేస్తాయనీ, స్త్రీలు ఎంతమంది నిశ్చింతగా కూర్చున్నారన్నదే మంచి కొలమానమనీ తేల్చారు. ఆయన సలహాల మేరకు లారీ ఒలిన్ రూపకల్పనలో కంచెలు తీసి, దారులు పెంచి, ఎవరికి నచ్చిన చోటికి వారు జరుపుకోగల కుర్చీలు వేయికి పైగా వేసి 1992లో పార్కును తిరిగి తెరిచారు. పార్కు నిండింది, నేరాలు తగ్గాయి. అయినా ప్రైవేటు నిధులతో నడిచే ఇలాంటి పార్కు, వచ్చేవారిని వారి అభిరుచిని బట్టి, జేబును బట్టి మెల్లగా వడగడుతుందని సమాజశాస్త్రవేత్త షారన్ జూకిన్ చేసిన విమర్శను కూడా గుర్తుంచుకోవాలి. ఇల్లు లేనివారికి కుర్చీ దొరికినంత మాత్రాన ఇల్లు దొరకదు.

2020 జూన్‌లో జాక్సన్‌విల్ నగరం ఆ పాత స్తంభం మీది సైనికుడి విగ్రహాన్ని దించివేసి, ఆగస్టులో పార్కుకు జేమ్స్ వెల్డన్ జాన్సన్ పేరు పెట్టింది. పార్కులో కూర్చున్నందుకు ప్రాణాపాయం ఎదుర్కొన్న మనిషికి అదే నగరపు పార్కు అంకితమైంది. కాని 2024లో ఫ్లోరిడా శాసనసభ బహిరంగ స్థలాల్లో రాత్రి నిద్రను నిషేధించే చట్టం చేసింది. ఆ ఏడాది జూన్‌లో గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీం కోర్టు అటువంటి నిషేధాలు రాజ్యాంగ విరుద్ధం కావని ఆరు–మూడు మెజారిటీతో తీర్పునిచ్చింది. వలస వెళ్లిన భారతీయులు ఇది తమకు సంబంధం లేని విషయమని అనుకోవడానికి వీలు లేదు. 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలోని మాడిసన్‌లో, మనవడిని చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చి కొడుకు ఇంటి వీధిలో నడుస్తున్న ఒక పెద్దాయనను, అనుమానాస్పదంగా తిరుగుతున్నాడన్న ఫోన్ కాల్ మీద వచ్చిన పోలీసు నేలకు విసిరికొట్టడంతో ఆయనకు పాక్షికంగా పక్షవాతం వచ్చింది.

తెలుగు నేల మీద కూడా ఈ ప్రశ్న సజీవంగా ఉంది. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాదులో భిక్షాటనను నిషేధించి, యాచకులను వీధుల నుంచి తరలించారు. 2021 ఆగస్టులో అదే నగరపు ఇందిరా పార్కులో పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదన్న బోర్డు వెలసి, ప్రజల నిరసనతో తొలగిపోయింది. కోనసీమ విషయానికొస్తే, అమలాపురం గడియార స్తంభం సెంటరు, రాజోలు, కొత్తపేటల కాలవ గట్లు, గుడి అరుగులు, రావిచెట్ల నీడలు పొద్దుపోయేదాకా మాట్లాడుకునే స్థలాలే. అయితే రచ్చబండ మీద సరిసమానంగా కూర్చునే అవకాశం పేటల్లోని దళితులకు, స్త్రీలకు చరిత్ర పొడవునా దక్కలేదన్నది దాచకూడని నిజం. 1927లో మహాడ్ చెరువు నీటి కోసం పోరాడిన డాక్టర్ అంబేద్కర్ నేతృత్వంలో రూపొందిన భారత రాజ్యాంగం, 15వ అధికరణం రెండో భాగంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు చేరే స్థలాలను పేరు పేరునా చెప్పి, మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ అక్కడ అడ్డుకోరాదని శాసించింది. అమెరికా 1964 పౌరహక్కుల చట్టం కన్నా ఇది పద్నాలుగేళ్లు ముందుది. అంబేద్కర్ పేరు కోనసీమ జిల్లాకు పెట్టే సందర్భంలో 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయంటే, ఆ అధికరణం ఇంకా పూర్తిగా ఇంటికి చేరలేదనే అర్థం.

రేపు అమలాపురం మునిసిపాలిటీ గాని, మరో పట్టణం గాని పార్కును తిరిగి తీర్చిదిద్దాలనుకున్నప్పుడు, జాక్సన్‌విల్ చరిత్ర దానికి సరళమైన పరీక్ష అందిస్తుంది. నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి, వెలుతురు, చాలినన్ని బల్లలు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. పని దొరకని రోజున కూలీ, ట్యూషన్ అయిన అమ్మాయి, పింఛను తీసుకునే పెద్దాయన ఒకే బల్ల మీద భయం లేకుండా కూర్చోగలరా అన్నది రెండోది. ఇల్లు లేనివాడు రాత్రికి ఎక్కడ పడుకుంటాడన్నది మూడోది. మూడో ప్రశ్నకు రాత్రి బస కేంద్రం కట్టి జవాబు చెప్పాలి తప్ప, బెంచీ మధ్యన ఇనుప చెయ్యి బిగించి చెప్పకూడదు. బహిరంగ స్థలంలో కూర్చున్నందుకు కారణం చూపించాల్సిన బాధ్యత పౌరుడిది కాదు. లేవమన్నందుకు కారణం చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.